ఘాట్‌లో బ్రేక్ పెడల్ గట్టిపడింది, బూస్టర్ మార్చాలా?

పాతడీజిల్_నల్గొండ
మాది పదకొండేళ్ల డీజిల్ కారు. పోయిన ఆదివారం శ్రీశైలం వెళ్తుంటే దోమలపెంట దాటాక దిగుడులో బ్రేక్ పెడల్ రాయిలా అయిపోయింది. బలమంతా పెట్టి తొక్కితే గానీ బండి ఆగలేదు. వెనక సీట్లో అమ్మ, పిల్లలు. సెకండ్ గేరులోనే డ్యాం దాకా దిగాం. మెకానిక్ చూసి బూస్టర్ (మన కాలి బలానికి సాయం చేసే భాగం) మొత్తం మార్చాలన్నాడు. మార్పించేయమంటారా?

గ్యారేజీ_ఖమ్మం
ఆగండన్నా. ముందు ఇంటి దగ్గరే చూసుకోండి. ఇంజిన్ ఆపి పెడల్ ఐదారుసార్లు తొక్కండి. బూస్టర్ పనిచేసేది వాక్యూమ్‌తో, అంటే లోపలి గాలిని లాగేయడం వల్ల. మిగిలిన వాక్యూమ్ అయిపోయి పెడల్ గట్టిపడుతుంది. కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగిందంటే వాక్యూమ్ అందుతున్నట్టే. దిగకపోయినా బూస్టరే పోయిందని అనుకోవద్దు. బూస్టర్‌కు వాక్యూమ్ తెచ్చే పైపు, గాలిని ఒకవైపే పోనిచ్చే వన్‌వే వాల్వు, పంపు, వీటిలో ఏది పాడైనా అంతే. పెట్రోలు బండికి ఇంజిన్ గాలి పీల్చుకునే చోటు నుంచే వాక్యూమ్ వస్తుంది. డీజిల్‌కు విడిగా పంపు ఉంటుంది, కొన్ని బండ్లలో ఆల్టర్నేటర్ వెనకాలే.

ఇంకోటి. ఇంజిన్ కాసేపు నడిపి ఆపేయండి. ఐదు నిమిషాల తర్వాత తొక్కితే మొదటి రెండు మూడు సార్లయినా మెత్తగా ఉండాలి.

విజయవాడ_పెట్రోల్
నాకు బూస్టరే పోయింది. బ్రేక్ మీద కాలు పెట్టగానే పెడల్ దగ్గర స్‌స్‌స్ అని గాలి చప్పుడు, ఐడ్లింగ్‌లో ఇంజిన్ వణుకు. లోపల డయాఫ్రమ్ అనే రబ్బరు పొర చిరిగింది. మీకు అలాంటి చప్పుడు ఉందా?

గోదావరి_డ్రైవర్
ఒకసారి బ్రేక్ ఆయిల్ కూడా చూడండి. బయట ఎక్కడా కారకుండానే తగ్గుతుంటే మాస్టర్ సిలిండర్ (తొక్కగానే బ్రేక్ ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టేది) వెనక సీలు పోయి ఆయిల్ బూస్టర్‌లోకి దిగుతోందేమో. అది డయాఫ్రమ్ రబ్బరును తినేస్తుంది. తొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లగా కిందికి జారిపోవడం మాత్రం వేరే జబ్బు, దానికి బూస్టర్‌తో పని లేదు.

పాతడీజిల్_నల్గొండ
చప్పుడు లేదు, ఆయిల్ తగ్గలేదు. స్టార్ట్ చేస్తే పెడల్ దిగింది గానీ చాలా నెమ్మదిగా. ఆపి ఐదు నిమిషాలు ఉంచితే మొదటిసారే గట్టిగా ఉంది. పైపు ఊడదీసి చూశాను. పంపు వైపు వంపులో రబ్బరు పగిలి ఉంది. వాల్వులో నోటితో ఊదితే రెండు వైపులా గాలి వెళ్తోంది. కానీ ఊళ్లో ఇన్నాళ్లూ ఏమీ తెలియలేదే?

గ్యారేజీ_ఖమ్మం
ఊళ్లో ఒక బ్రేక్‌కీ ఇంకో బ్రేక్‌కీ మధ్య టైం దొరుకుతుంది, పగిలిన పైపుతోనైనా బూస్టర్‌లో వాక్యూమ్ మళ్లీ చేరుతుంది. ఘాట్‌లో మలుపు మలుపుకీ తొక్కుతాం కదా, చేరేలోపే అయిపోతుంది. పైపు, వాల్వు రెండూ కొత్తవి వేయించండి. తర్వాత వాక్యూమ్ కొలిచే గేజి పెట్టించి పంపు కూడా చూపించండి, ఆ వయసు బండికి అది అవసరం. డీజిల్ మిగులుతుందని దిగుడులో ఇంజిన్ ఆపేవాళ్లున్నారు, దయచేసి అలా చేయొద్దు. బూస్టర్ సాయం రెండు మూడు తొక్కులతో అయిపోతుంది.

పాతడీజిల్_నల్గొండ
రెండూ వేయించాను. పంపు బాగానే ఉందన్నారు. పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద పదిసార్లు వరసగా తొక్కి చూశాను, ఒక్కసారి కూడా గట్టిపడలేదు. బూస్టర్ పాతదే ఉంది. అమ్మను మళ్లీ ఎక్కించుకునే ధైర్యం వచ్చింది, అందరికీ థ్యాంక్స్.