పాత బడి వెంటిలేటర్లకు మోటార్లు పెట్టించినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మా బడి రెండంతస్తుల పాత భవనం. గదికి నలభై మంది పిల్లలు. మధ్యాహ్నం రెండో పీరియడ్‌కల్లా గాలి బరువెక్కిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ మీటరు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి చూశాను. బయట 420 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు ఇన్ని వంతులు అని లెక్క) దగ్గర ఉన్నది, కిటికీలు మూసిన గదిలో గంట తిరక్కుండానే 2,000 దాటింది. వెనక బెంచీలో ఒక పాప నోటుబుక్కు మీదే తల వాల్చేసింది. అది చూశాక ఊరుకోలేకపోతున్నాను.

గోడ పైభాగాన చిన్న కిటికీల్లాంటి వెంటిలేటర్లు ఉన్నాయి, కానీ చాలావరకు ఎవరికీ అందవు. రంగు మీద రంగు వేసి బిగుసుకుపోయాయి. వాటికి 24 వోల్టుల చెయిన్ మోటార్లు (గొలుసుతో తోసి తెరిచి, లాగి మూసేవి) పెట్టి, గదిలో వేడి, కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు వాటంతటవే తెరుచుకునేలా చేయాలని ఆలోచన. వేడి గాలి పైనుంచి పోతే కింది కిటికీల్లోంచి చల్లగాలి వస్తుంది. రాత్రిళ్లు తెరిచి ఉంచితే గోడలు, స్లాబు చల్లారి మర్నాడు పొద్దున్న గది హాయిగా ఉంటుంది.

పాత ఇనుప ఫ్రేములు మోటారు లాగుడుకి తట్టుకుంటాయా, ఫ్రేములే మార్చాలా? తెరిచి ఉండగా కరెంటు పోయి వాన వస్తే మీరేం చేశారు? బ్యాటరీ సరిపోతుందా? దోమల మెష్ వేస్తే గాలి బాగా తగ్గిపోతుందా? టీచరు తనకు కావాలనుకున్నప్పుడు మూసుకునే స్విచ్ గదిలోనే ఉండాలని నా పట్టుదల. అన్నిటికంటే ముఖ్యం, పై అంతస్తు వరండా వైపు వెంటిలేటర్లు కాస్త కిందికే ఉన్నాయి, పిల్లల వేళ్లు నలగకుండా ఏం ఏర్పాటు చేయాలి? చేయించినవాళ్లు దయచేసి చెప్పండి.