డ్వార్ఫ్ ఫోర్ట్రెస్: ఫోర్జ్ కిందకి మాగ్మా సేఫ్‌గా తేవడం ఎలా?

మరుగుజ్జులతో కోట కట్టించే ఈ కంప్యూటర్ ఆట బాగా తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. హైదరాబాద్‌లో నా ఫ్రెండ్స్ అందరూ ఫోన్లో షూటింగ్ గేములు ఆడేవాళ్లే, అడగడానికి ఒక్కడూ లేడు.

కోటలో బొగ్గు అయిపోవచ్చింది, చెట్లూ అంతంతమాత్రమే. అదృష్టం కొద్దీ మ్యాపులో అగ్నిపర్వతం ఉంది. దాని పక్కనుంచి కాలువ తవ్వి, పై అంతస్తులో బొగ్గు బదులు మాగ్మా (కరిగిన రాయి) వేడితో నడిచే స్మెల్టర్ (ఖనిజం కరిగించేది), ఫోర్జ్ (లోహపు సామాన్లు చేసేది) కట్టాలని ప్లాన్. 3x3 వర్క్‌షాపులో నడిమి గడి వదిలేసి, చుట్టూ ఉన్న ఎనిమిదింటిలో ఒకదాని కింద మాగ్మా 4/7 లోతుంటే (గడి నిండితే 7) చాలు, అది తెలుసు. కాలువని మూసే ఫ్లడ్‌గేట్ మాగ్మాకి కరగకుండా ఇనుముతోనే చేయించాను.

టెన్షనల్లా ఆ గేటుని లీవర్‌తో కలిపే మెకానిజమ్స్‌తోనే. ఫ్లడ్‌గేట్‌లో పడేది ఇనుముదైతే సరిపోతుందా, లీవర్ దగ్గరిది కూడా మార్చాలా? ఉన్న ఇనుమంతా వీటికే పోతే కత్తులు దేంతో చేయాలి?

ఇంకోటి, కాలువకి అడ్డున్న చివరి గోడ. మంచి మైనర్ (రాయి తవ్వేవాడు) నాకు ఒక్కడే ఉన్నాడు, వాడు కాలిపోతే కష్టం. పై అంతస్తులో నిలబెట్టి ఛానల్ కొట్టిస్తే, అంటే కింది గోడని పైనుంచే తవ్విస్తే, బతుకుతాడా?

ఫోర్జ్ కింద మాగ్మా కోసం నేలలో వదిలే రంధ్రంలోంచి ఫైర్ ఇంప్‌లు (మాగ్మాలో ఉండే నిప్పు జీవులు) పైకొస్తాయట. దాన్ని ఫోర్జ్‌లో ఎవరూ నడవలేని గడి కింద పెడితే ఆగుతాయా? పంపులు పెట్టడం లేదు, కాబట్టి మాగ్మా ప్రెజర్‌తో పైకి పొంగే గొడవ లేదు. ముందు సేవ్ కాపీ తీసుకో అని మాత్రం చెప్పకండి, తీసేశా.