అయోవా కబ్స్‌ని "డూప్లికేట్ టీమ్" అంటున్నాడు మా వాడు, ఏం చెప్పమంటారు?

కాలవగట్టు (డెమోయిన్, అయోవా):

అందరికీ నమస్కారం. ఉద్యోగం మారి టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి ఈ మధ్యే డెమోయిన్ వచ్చాం. ఫ్రిస్కోలో ఉండగా మా అబ్బాయికి బేస్‌బాల్ పిచ్చి పట్టుకుంది. అక్కడ రఫ్‌రైడర్స్ అని టెక్సస్ రేంజర్స్‌కి డబుల్-ఏ టీమ్ (పెద్ద టీమ్‌కి రెండు మెట్లు కింద) ఉంది. ఆ స్టేడియంలోనే నీళ్ల కాలువ ఒకటి కట్టారు, పిల్లలు అందులో ట్యూబుల మీద తేలుతూ ఆట చూస్తారు. వాడికి అదే స్వర్గం.

ఊరు మారాం కదా అని దిగులుగా ఉంటే, చికాగో కబ్స్‌కి ట్రిపుల్-ఏ టీమ్ (పెద్ద టీమ్‌కి ఒక్క మెట్టు కింద) అయిన అయోవా కబ్స్ ఆడే ఇక్కడి ప్రిన్సిపల్ పార్క్‌కి తీసుకెళ్లాను. సెంటర్ ఫీల్డ్ అవతల స్టేట్ క్యాపిటల్ బంగారు గుమ్మటం కనిపిస్తుంది, నాకైతే చాలా నచ్చింది. వాడు మాత్రం మొహం ముడుచుకుని కూర్చున్నాడు. "నాన్నా, వీళ్లు చికాగో కబ్స్ పేరే పెట్టుకున్నారు, అదే నీలం, అదే ఎరుపు. సొంత పేరు కూడా లేదు. డూప్లికేట్" అన్నాడు. టోపీ కొనిస్తానన్నా వద్దన్నాడు.

అప్పటి నుంచి నాకూ సందేహమే. రేంజర్స్ కింద ఉన్న టీమ్‌లకి ఫ్రిస్కో రఫ్‌రైడర్స్, రౌండ్ రాక్ ఎక్స్‌ప్రెస్ అని వేరే పేర్లున్నాయి. ఇక్కడ పెద్ద టీమ్ పేరే ఎందుకు? ఎవరు నిర్ణయిస్తారు ఇది?

మామిడితోపు (సువానీ, జార్జియా):

మీ అబ్బాయి పక్షమే అండి నేను. మా గ్విన్నెట్ కథ వినండి. అట్లాంటా బ్రేవ్స్ వాళ్ల ట్రిపుల్-ఏ టీమ్ 1966 నుంచి 2008 దాకా వర్జీనియాలో రిచ్‌మండ్ బ్రేవ్స్‌గా ఉండేది. 2009లో దాన్ని మా కౌంటీకి తెచ్చి గ్విన్నెట్ బ్రేవ్స్ అన్నారు. అసలు బ్రేవ్స్ ఆడేదీ అట్లాంటాలోనే, ట్రాఫిక్ లేకపోతే గంటలోపు వెళ్లిపోవచ్చు. ఒకే చోట రెండు బ్రేవ్స్! "ఈ రోజు బ్రేవ్స్ మ్యాచ్‌కి వెళ్తున్నాం" అంటే ఏ బ్రేవ్స్ అని అడగాల్సి వచ్చేది.

2018లో గ్విన్నెట్ స్ట్రైపర్స్ అని మార్చారు. పక్కనే లేక్ లేనియర్‌లో దొరికే చారల చేప పేరది. మొదట్లో చాలామంది నవ్వారు, చేప పేరేంటని. ఇప్పుడు మా వీధిలో పిల్లల తలల మీద ఆ చేప టోపీలే. తర్వాత మా జార్జియాలోనే రోమ్ అనే ఊళ్లో ఉన్న రోమ్ బ్రేవ్స్ 2024లో రోమ్ ఎంపరర్స్ అయింది. మిసిసిపీ బ్రేవ్స్ 2025లో జార్జియాలోని కొలంబస్‌కి వచ్చి క్లింగ్‌స్టోన్స్ అయింది, అది పీచ్ పండు రకం. ఊరికి తన పేరు తనకు ఉండాలి, అంతే.

రాళ్లవాగు (వెస్ట్ డెమోయిన్):

కాలవగట్టు గారూ, నేను ఇక్కడికి వచ్చి చాలా ఏళ్లయింది. సీజన్ టికెట్ ఉంది, మూడో బేస్ వైపు కూర్చుంటాను. కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను, ఏమనుకోకండి.

ముందు మీ ప్రశ్నకి జవాబు. అయోవా కబ్స్ చికాగో కబ్స్ వాళ్ల సొత్తు కాదు. డైమండ్ బేస్‌బాల్ హోల్డింగ్స్ అనే కంపెనీ 2021 చివర్లో కొనుక్కుంది, దాని చేతిలో ఇలాంటి మైనర్ లీగ్ టీమ్‌లు బోలెడు ఉన్నాయి. ఆటగాళ్లకీ కోచ్‌లకీ జీతాలిచ్చేది చికాగో. టికెట్లు, టోపీలు, హాట్‌డాగులు అమ్ముకునేది ఇక్కడి వాళ్లు. అంటే పేరు ఇద్దరి ఒప్పందం మీద నడిచే వ్యవహారం. 1969లో టీమ్ పుట్టినప్పుడు పేరు అయోవా ఓక్స్. 1981లో చికాగోతో పొత్తు కుదిరింది, మరుసటేడు అయోవా కబ్స్ అయింది.

చాలా ఊళ్లు సొంత పేరు ఎందుకు ఉంచుకుంటాయంటే, పెద్ద టీమ్ మారిపోతుందన్న భయం. ఒహాయోలోని కొలంబస్ క్లిప్పర్స్‌నే చూడండి. 1979 నుంచి 2006 దాకా యాంకీస్‌తో, తర్వాత రెండేళ్లు వాషింగ్టన్ నేషనల్స్‌తో, 2009 నుంచి క్లీవ్‌లాండ్‌తో. పేరు యాంకీస్ అని పెట్టుకుని ఉంటే బోర్డులు, జెర్సీలు, జనం అలవాటు అన్నీ మళ్లీ మొదటినుంచి. ఇప్పుడు 2021 నుంచి పెద్ద టీమ్‌తో పొత్తుకి పదేళ్ల లైసెన్సులు కాబట్టి ఆ భయం కొంచెం తగ్గింది.

పాతకాలంలో మాత్రం డబ్బు కూడా కారణమే. పెద్ద టీమ్ వాడేసిన ఉన్ని జెర్సీలు కింది టీమ్‌లకి పంపేవాళ్లు, అన్న చొక్కా తమ్ముడికి వచ్చినట్టే. ఛాతీ మీద పాత అక్షరాలు విప్పి కొత్తవి కుట్టేవాళ్లు. పాత జెర్సీలు సేకరించేవాళ్లని అడిగితే, విప్పిన కుట్ల ఆనవాళ్లు వేలితో తడిమి చూపిస్తారు.

ఇక "డూప్లికేట్" అన్న మాట. మామిడితోపు గారూ, మీ ఊరి విషయంలో మీతో నూరు శాతం ఏకీభవిస్తాను. కానీ మాకు చికాగో 330 మైళ్లు, కారులో ఐదు గంటల పైమాటే. ఈ రాష్ట్రానికి మేజర్ లీగ్ టీమ్ ఒక్కటీ లేదు. పోనీ డబ్బు కట్టి మేజర్ లీగ్ వాళ్ల ఎంఎల్‌బీ యాప్‌లో చూద్దామా అంటే, ఏళ్ల తరబడి అయోవాలో ఆరు టీమ్‌ల మ్యాచ్‌లు బ్లాకౌట్, అంటే ఇక్కడ చూపించరు. అందులో కబ్స్ కూడా ఉంది! అలాంటి చోట జనం కబ్స్‌ని వదలకుండా ప్రేమించారు. 1930ల్లో, తర్వాత అమెరికా అధ్యక్షుడైన రొనాల్డ్ రీగన్ ఈ ఊళ్లోనే డబ్ల్యూహెచ్ఓ అనే రేడియో స్టేషన్‌లో కబ్స్ ఆటలు చెప్పేవాడు. ఆయన చికాగోలో ఉండేవాడు కాదు. టెలిగ్రాఫ్ మీద ముక్కలు ముక్కలుగా వచ్చే వివరాలు చూసి, ఎదురుగా ఆట జరుగుతున్నట్టు వర్ణించేవాడు. ఒకసారి లైను తెగిపోతే అది మళ్లీ వచ్చేదాకా బ్యాటర్ చేత ఫౌల్ బాల్స్ (గీత బయటికి పోయే బంతులు, ఆట ముందుకు కదలదు) కొట్టిస్తూ నెట్టుకొచ్చానని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. అంటే టీమ్‌కి ఆ పేరు రాకముందే, దాదాపు యాభై ఏళ్ల ముందు నుంచే, ఇది కబ్స్ ఊరు. ఆ పేరు చికాగో వాళ్లు మా నెత్తిన రుద్దింది కాదు.

ఇంకోటి చూడండి. చికాగో కబ్స్ కింద పూర్తి సీజన్ ఆడే టీమ్‌లు నాలుగుంటే కబ్స్ పేరు రెండింటికే, మాకూ ఇండియానాలోని సౌత్ బెండ్‌కీ. దూరాన టెనెసీలో ఉన్నది నాక్స్‌విల్ స్మోకీస్, సౌత్ కరోలినాలోది మర్టిల్ బీచ్ పెలికన్స్. ఎక్కడ అభిమానం ఉందో అక్కడే పేరు.

చార్మినార్ చౌరస్తా (హైదరాబాద్):

బేస్‌బాల్ నాకు తెల్వదు గానీ ఇది చదువుతుంటే మన సన్‌రైజర్స్ యాదికొచ్చింది. దక్షిణాఫ్రికాల సన్‌రైజర్స్ ఈస్టర్న్ కేప్ ఉంది కదా, అదే కావ్యా మారన్ వాళ్లదే, అదే ఆరెంజ్ జెర్సీ. 2023, 2024ల కప్పు కూడా కొట్టిన్రు. అది కూడా ఇట్లాంటిదేనా అన్నా?

రాళ్లవాగు:

కాదు తమ్ముడూ, అక్కడ ఓనరూ రంగూ ఒకటే, ఆటగాళ్లు వేరు. మార్క్‌రమ్ రెండింటికీ కెప్టెన్‌గా చేశాడు, నిజమే. కానీ క్లాసెన్ హైదరాబాద్‌కి ఆడుతూనే అక్కడికెళ్తే డర్బన్‌కి ఆడాడు. ఎవరి వేలం వాళ్లది. ఇక్కడ అలా కుదరదు, ఆటగాడి కాంట్రాక్ట్ చికాగో చేతిలో ఉంటుంది. 2015లో క్రిస్ బ్రయంట్ సీజన్ మొదట్లో అయోవాకి ఏడు మ్యాచ్‌లు ఆడాడు, ఏప్రిల్ 17న చికాగో వాళ్ల స్టేడియం రిగ్లీ ఫీల్డ్‌లో దిగాడు. మరుసటేడు చికాగో కబ్స్ వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) గెలిచారు, ఆ ఏడు బ్రయంట్ నేషనల్ లీగ్ ఎంవీపీ, అంటే ఉత్తమ ఆటగాడు.

కాలవగట్టు గారూ, మీ వాడికి ఇది చెప్పండి. ఇప్పుడు రిగ్లీలో ఆడుతున్న వాళ్లలో ఎంతమంది మన ప్రిన్సిపల్ పార్క్ మీదుగా వెళ్లారో వాడినే వెతకమనండి.

కాలవగట్టు:

చాలా థాంక్స్ అండి అందరికీ. రీగన్ సంగతి చెప్తే ఫౌల్ బాల్స్ దగ్గర పడీ పడీ నవ్వాడు. టోపీ మాత్రం ఇంకా వద్దంటున్నాడు, రఫ్‌రైడర్స్‌దే పెట్టుకుని వస్తాడట. రాళ్లవాగు గారూ, వచ్చే హోమ్ మ్యాచ్‌కి మూడో బేస్ వైపు మీ పక్కన సీట్లు దొరుకుతాయేమో చూడండి.