చంద్రగిరి దగ్గర దొరికిన రాయి ఉల్కేనా? ఎలా తేల్చుకోవాలి?

చంద్రగిరి దగ్గర మా కయ్య గట్టులో ఎన్నో ఏళ్లుగా ఉన్న నల్ల రాయి ఇది. మా జేజినాయన దీన్ని పిడుగురాయి అనేవాడు, అంతకు మించి ఎవరికీ ఏమీ తెలీదు. బరువు 1,420 గ్రాములు. నీళ్ల మగ్గులో ముంచితే 390 మిల్లీలీటర్లు పొర్లాయి, అంటే సాంద్రత 3.6 దాకా వస్తోంది, మామూలు రాతి ఉల్కలు కూడా దాదాపు ఇంతే ఉంటాయి. దారానికి కట్టిన అయస్కాంతం దానివైపు కొంచెం లాగుతోంది, గట్టిగా మాత్రం అతుక్కోదు. టైలు వెనక గరుకు వైపు రుద్దితే ఎర్ర గీత రాలేదు, కాబట్టి హెమటైట్ అనే ఇనుప ఖనిజం కాదనుకుంటున్నా. అయస్కాంతానికి అతుక్కునే ఇంకో ఇనుప ఖనిజం, స్వచ్ఛమైన మాగ్నెటైట్ అయితే సాంద్రత 5 దాటాలి కదా. బుడగల గుంతలు లేవు కాబట్టి కొలిమి చిట్టెం అని కూడా అనిపించట్లేదు. పైన పలుచటి నల్ల పొర ఉంది, కానీ అది ఆకాశం నుంచి పడేటప్పుడు మాడిన పొరో, ఎండకూ వానకూ పట్టిన నలుపో తెలీట్లేదు. ఒక మూల ఆకురాయితో గీస్తే లోపల బూడిద రంగు, మెరిసే లోహపు చుక్కలు రెండో మూడో కనిపించాయి, అవి అభ్రకం కూడా కావచ్చు, ఇక్కడే ఆగిపోయాను. తిరుపతిలో ఒక కాలేజీ ల్యాబ్‌లో అడిగితే చూడకుండానే మామూలు రాయి పొమ్మన్నారు. నిజంగా ఉల్కే అయితే జియలాజికల్ సర్వేకి ఇచ్చేస్తాను, అమ్మే ఉద్దేశం లేదు, ధర అడుగుతూ మెసేజ్‌లు పెట్టకండి.

రాయిని రెండుగా కోయకుండా, ఆ చుక్కలు ఉల్కల్లో ఉండే నికెల్ కలిసిన ఇనుమో కాదో ఇంట్లోనే తేల్చుకునే పరీక్ష ఏదైనా ఉందా?