‘స్టోన్‌డ్‌హెంజ్’లో ఆ నాలుగు ముక్కలు ప్రయోగమా, జాగా నింపడమా?

సూదిముల్లు
ఇంగ్లండ్ బ్లూస్ రాక్ బృందం టెన్ ఇయర్స్ ఆఫ్టర్ 1969 ఫిబ్రవరిలో తెచ్చిన ‘స్టోన్‌డ్‌హెంజ్’ ఆల్బమ్‌ను చాలా ఏళ్ల తరువాత నిన్న రాత్రి మొదటి నుంచి చివరి దాకా విన్నాను. కొంచెం నిరాశపడ్డాను. నాకు గుర్తున్న ఆల్బమ్ ఇంతకంటే బిగువుగా ఉండేది.

నా ఫిర్యాదు ఇది. మొత్తం పది ట్రాకులు. అందులో నాలుగు తలా ఒకటి చొప్పున సభ్యులకు పంచిపెట్టినవి. చిక్ చర్చిల్‌కు పియానో, రిక్ లీకి డ్రమ్స్, లియో లయన్స్‌కు బేస్ గిటార్, ఆల్విన్ లీకి గొంతుతో పాటు గిటార్. పంక్తిలో కూర్చున్నవాళ్లకు తలా ఒక బూరె వడ్డించినట్టు ఉంది. ఒక్కటీ రెండు నిమిషాలు దాటదు, ఎక్కడికీ చేరదు. 1968లో ‘అన్‌డెడ్’ లాంటి లైవ్ రికార్డు ఇచ్చినవాళ్లకు ఈ అవస్థ ఎందుకు వచ్చింది? పాటలు చాలక నింపారని నా అనుమానం. దీన్ని ప్రయోగం అని మెచ్చుకునేవారు ఏమంటారో వినాలని ఉంది.

కోఠి క్యాసెట్
ముందు లెక్క చూద్దాం సూదిముల్లు గారూ. ‘లిడియా’ పియానో ముక్క 1:22. ఆల్విన్ లీ గొంతూ గిటారూ కలిపిన ‘స్కూబ్లీ ఊబ్లీ డూబాబ్’ 1:44. డ్రమ్స్ మీద ‘త్రీ బ్లైండ్ మైస్’ నిమిషం కూడా లేదు. బేస్ ముక్క ‘ఫారో’ 1:11. నాలుగూ కలిపితే ఐదు నిమిషాల పైచిలుకు, అంతే. జాగా నింపాలనుకున్నవాడు నిమిషంలో డ్రమ్స్ సోలో ముగిస్తాడా? ఆ కాలంలో నింపే పద్ధతి వేరే ఉండేది. ఒక బూగీ, అంటే ఒకే లయ తిరిగి తిరిగి వచ్చే బ్లూస్ వరుస, మొదలుపెట్టి పది నిమిషాలు తిప్పేవారు. క్రీమ్ బృందం వారి ‘వీల్స్ ఆఫ్ ఫైర్’ ఆల్బమ్‌లో జింజర్ బేకర్ డ్రమ్స్ కోసమే ఉన్న ‘టోడ్’ పదహారు నిమిషాలు నడుస్తుంది. నేను రెండుసార్లు అన్నం తినడానికి లేచాను, తిరిగి వచ్చేసరికి ఆయన ఇంకా వాయిస్తూనే ఉన్నాడు.

సరుకు లేనివాడు సాగదీస్తాడు. వీళ్లు కత్తిరించారు.

మద్దెల దరువు
నేను మృదంగం వాయిస్తాను. కచేరీలో మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనం మొదలవగానే కాఫీకి లేచిపోయే శ్రోతల వీపులను ఇరవై ఏళ్లుగా చూస్తున్నవాడిని. కాబట్టి ఏ డ్రమ్స్ సోలో అయినా నా సానుభూతి దానికే ఉండాలి. అయినా ‘త్రీ బ్లైండ్ మైస్’ నాకు ఎక్కలేదు.

నిడివి చిన్నదనో పెద్దదనో కాదు. తని ఒక కీర్తనలోంచి పుడుతుంది. ఆ తాళం మీదే నడిచి, ముక్తాయింపుతో మళ్లీ ఆ పల్లవి ఎత్తుగడకే చేరుతుంది. ఇంటి నుంచి బయలుదేరి ఇంటికి వచ్చినట్టు. ఇక్కడ పిల్లల పాట పేరు తగిలించిన ఒక దరువు ఊరూ పేరూ లేకుండా వచ్చి వెళ్లిపోతుంది. రిక్ లీ చేతివాటం మీద నాకు సందేహం లేదు. ‘అన్‌డెడ్’లో ‘సమ్మర్‌టైమ్’ వాయిస్తూ వాయిస్తూ దానిలోంచే తన సోలోలోకి జారుతాడు. అదీ పద్ధతి.

‘స్కూబ్లీ’ సంగతి వేరు. అర్థం లేని అక్షరాలు గొంతుతో పలుకుతూ అదే వరుసను అదే క్షణంలో గిటార్ మీద పలికించడం. కచేరీలో కల్పన స్వరాలను వయొలిన్ అందుకున్నట్టు ఉంటుంది గాని, వయొలిన్ ఒక్క అడుగు వెనక ఉంటుంది. ఇక్కడ పాడేవాడూ వాయించేవాడూ ఒక్కడే, ఆ ఒక్క అడుగు ఎడం కూడా లేదు. దాన్ని ప్రయోగం అనడానికి నాకేమీ అభ్యంతరం లేదు.

(ఆల్విన్ లీ, రిక్ లీ అన్నదమ్ములని చాలామంది అనుకుంటారు. కారు.)

కొత్తగా చేరాను
పేరులో ఆ ‘డ్’ ఎందుకు? అచ్చు తప్పా?

కోఠి క్యాసెట్
తప్పు కాదండీ, చమత్కారం. స్టోన్‌హెంజ్ అంటే ఇంగ్లండ్‌లో విల్ట్‌షైర్‌లోని ఆదిమకాలపు రాతి వలయం. ‘స్టోన్‌డ్’ అంటే మత్తులో ఉన్నవాడు. ఆ రోజుల్లో రెండూ కుర్రకారుకు ఇష్టమైనవే.

లండన్ వాన
ఈ ఆల్బమ్ రికార్డయిన వెస్ట్ హాంప్‌స్టెడ్‌కు దగ్గరలోనే ఉంటాను, కాబట్టి నా ముక్క కూడా ఒకటి. ‘అన్‌డెడ్’ను రికార్డు చేసిన క్లూక్స్ క్లీక్ అనే క్లబ్బు అక్కడి రైల్వే హోటల్ మేడ మీద ఉండేది. ‘స్టోన్‌డ్‌హెంజ్’ను తీసిన డెక్కా స్టూడియో దాన్ని ఆనుకునే ఉండేది. ఆ స్టూడియో భవనం తరువాత ఇంగ్లిష్ నేషనల్ ఒపేరా సాధనకు వెళ్లింది. అంటే అదే బృందం, అదే నిర్మాత మైక్ వెర్నన్, అదే వీధి. నాలుగు నెలల వ్యవధిలో ఒక గోడకు అటు ఒక రికార్డు, ఇటు ఒక రికార్డు.

క్లబ్బులో జనం ముందు చేయగలిగినదంతా ‘అన్‌డెడ్’లో చేసేశారు. జనం ముందు చేయలేనిది స్టూడియోలో చేశారు. అదేమిటంటే మెల్లగా ఉండటం. మీరందరూ ఆ నాలుగు ముక్కల దగ్గరే కొట్టుకుంటున్నారు గాని, అసలు సాహసం ‘ఎ సాడ్ సాంగ్’లో, ‘నో టైటిల్’లో ఉంది. ఇంగ్లండ్‌లో అత్యంత వేగంగా వేళ్లు కదుపుతాడని పేరు పడ్డ గిటారిస్టు ఆల్విన్ లీ ‘ఎ సాడ్ సాంగ్’లో దాదాపు చేతులు కట్టుకుని కూర్చుంటాడు. ‘నో టైటిల్’ ఎనిమిది నిమిషాలు. గుసగుసలా మొదలవుతుంది. వాల్యూమ్ పెంచి చెవి దగ్గర పెట్టుకుంటారు. అప్పుడు ఒక్కసారి మీద పడుతుంది. మొదటిసారి విన్నప్పుడు కింది వాటా ఆవిడ తలుపు తట్టింది.

సారా కొట్టు మేడ మీద, సిగరెట్ పొగలో, గ్లాసుల చప్పుడులో ఆ గుసగుస ఎవరికి వినిపిస్తుంది? స్టూడియో ఉన్నందుకే అది సాధ్యమయింది.

సూదిముల్లు
‘నో టైటిల్’ గొప్పదే, నేను కాదనలేదు. ‘హియర్ మీ కాలింగ్’ కూడా. 1972లో స్లేడ్ బృందం వాళ్లు తమ లైవ్ ఆల్బమ్‌ను ఆ పాటతోనే మొదలుపెట్టారు. ఇలాంటి పాటలు మరో రెండు ఉంటే ఆ నాలుగు తుక్కడాలు అక్కర లేదు కదా అన్నదే నా బాధ.

ముద్దమందారం
తుక్కడాలు అన్నారు. ఆ చిన్న చిన్న పాటలు కచేరీ చివరలో వస్తాయి, మధ్యలో కాదు. ఇక్కడ మధ్యలో పెట్టడమే విశేషం.

ఇంకో మాట. పింక్ ఫ్లాయిడ్ ‘ఉమ్మగుమ్మా’లో స్టూడియో రికార్డును నలుగురు సభ్యులూ నాలుగు వాటాలుగా పంచుకున్నారు. అది 1969 చివరలో వచ్చింది. యెస్ బృందం ‘ఫ్రాజైల్’లో ఐదుగురికీ తలా ఒక ముక్క ఇచ్చింది, 1971లో. ‘ఫ్రాజైల్’ను పొగిడేటప్పుడు ‘ఆహా, ఏమి ఏర్పాటు’ అంటాం. రెండేళ్ల ముందు నాటింగ్‌హామ్ నుంచి వచ్చిన బ్లూస్ కుర్రాళ్లు అదే చేస్తే జాగా నింపడం అంటున్నాం. బ్లూస్ వాయించేవాడికి ఆలోచన ఉండదని మనకు లోపల ఒక చిన్నచూపు ఉందేమో.

మద్దెల దరువు
ముందు చేయడం వేరు, బాగా చేయడం వేరమ్మా. ముందుగా కోసినంత మాత్రాన కాయ పండు కాదు.

ముద్దమందారం
ఒప్పుకుంటాను. కానీ కాయ అని తెలిసి కోసినవాడిని సోమరి అనకూడదు. పై ఫిర్యాదు సోమరితనం గురించే.

ఎంతమంది కొన్నారన్నది గొప్పదనానికి కొలత కాదు గాని, ఆ ఏడాది బ్రిటన్‌లో ఇది ఆరో స్థానం దాకా వెళ్లింది. అమెరికాలో 61 దగ్గర ఆగింది. అమెరికాలో వుడ్‌స్టాక్ సంగీతోత్సవం వేదిక మీద ‘ఐయామ్ గోయింగ్ హోమ్’ వాయించింది ఆ ఆగస్టులో. అక్కడి నుంచి లోకానికి వీళ్లు వేగం తప్ప మరేమీ తెలియనివాళ్లయిపోయారు. జనం కూడా అదే అడిగారు. అందుకే ‘స్టోన్‌డ్‌హెంజ్’ అంటే నాకు జాలితో కూడిన ఇష్టం. ఇంకో దారి ఉండేదని చూపిస్తుంది.

కోఠి క్యాసెట్
ఆల్విన్ లీ 2013లో పోయినప్పుడు కూడా వార్తల్లో అందరూ రాసింది ఆ వుడ్‌స్టాక్ పది నిమిషాల గురించే. ‘ఎ సాడ్ సాంగ్’ ఊసు నాకైతే ఎక్కడా కనిపించలేదు.

సూదిముల్లు
ఒక విషయం బయటపడింది. చెప్పడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

‘నాకు గుర్తున్న ఆల్బమ్ బిగువుగా ఉండేది’ అని మొదట్లో రాశాను కదా. ఆ మాట నన్నే తొలిచింది. అటక మీద పెట్టె దించి నా పాత క్యాసెట్ తీశాను. కాలేజీ రోజుల్లో హాస్టల్ మిత్రుడు తన అన్నయ్య రికార్డు నుంచి నాకోసం ఎక్కించి ఇచ్చినది. అట్ట మీద అతని చేతిరాతలో ఆరు పేర్లే ఉన్నాయి. ఆ నాలుగూ లేవు! చోటు చాలకనో, అక్కరలేదనుకునో ముల్లు ఎత్తి దాటించేశాడు. ఇన్నేళ్లుగా నేను ప్రేమించినది మిత్రుడు కత్తిరించిన ఆల్బమ్. నిన్న ఫోనులో వినిపించినవి నాకు పిలవని చుట్టాల్లా అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు రెండు విధాలుగానూ విన్నాను. క్యాసెట్‌లో ‘నో టైటిల్’ అయిపోగానే ‘స్పీడ్ కిల్స్’ దూకుతుంది. ఆ కుదుపంటే నాకు ఇష్టమనుకునేవాడిని. మధ్యలో ‘ఫారో’ ఉన్నప్పుడు ఆ బేస్ తీగలు ఒక్క నిమిషం పాటు గదిలో గాలి మారుస్తాయి, ఆ తరువాత వేగం వేగంలా వినిపిస్తుంది. ‘ఫారో’ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ‘స్కూబ్లీ’ కూడా ఉండనిద్దాం. పియానో ముక్క మీద ఇంకా తేల్చుకోలేదు.

‘త్రీ బ్లైండ్ మైస్’ దగ్గర మాత్రం నా మిత్రుడు ముల్లు ఎత్తడమే సరైనది.

మద్దెల దరువు
ఆ క్యాసెట్ ఇంకా తిరుగుతోందా? ఏ ప్లేయర్ మీద విన్నారు, బెల్టు ఎక్కడ దొరికింది? నాది మూడేళ్లుగా మూలన పడి ఉంది.