బీడు భూమిలో మళ్లీ పిట్టలు, జంతువులు తిరగాలంటే ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

బీడుభూమి:
కొన్నేళ్లుగా సేద్యం లేక మా పొలం బీడు పడింది. సగం లాంటానా కలుపు పొదలు, ఒక అంచున సర్కారు తుమ్మ, మధ్యలో గడ్డి, అక్కడక్కడా రేగు పొదలు. అమ్మను, కౌలుకీ ఇవ్వను. ఒకప్పుడు కుందేళ్లు, కౌజులు, ఉడుములు బాగా కనిపించేవట, అవి మళ్లీ వస్తే చాలు. జేసీబీ పెట్టి మొత్తం చదును చేసి ఒకేసారి వేల మొక్కలు నాటేద్దామంటున్నాడు తమ్ముడు. సరైన పనేనా?

రేగుపొద:
జేసీబీ మాత్రం వద్దండి. నేల తిరగేశారంటే ఖాళీ అయిన చోట ముందు లేచేది వయ్యారిభామే, పైగా ఇప్పుడు ఆ లాంటానాలోనే తలదాచుకుంటున్న జీవాలకు ఒక్క రోజులో నీడ లేకుండా పోతుంది. ఆస్ట్రేలియాలో బ్రాడ్లీ అక్కచెల్లెళ్లు 1960లలో ఒక పద్ధతి పట్టుకున్నారు: కలుపు తక్కువగా, ఆ నేల సొంత మొక్కలు బాగా ఉన్న చోట మొదలుపెట్టి, అవి పుంజుకునే కొద్దీ చెడిపోయిన వైపు జరుగుతూ పోవడం. మనకేమో ఎక్కువ పాడైన చోటే ముందు చెయ్యాలనిపిస్తుంది, అక్కడే డబ్బూ ఓపికా అయిపోతాయి. మీరు ఆ మధ్యలో గడ్డి అంచు నుంచి మొదలుపెట్టండి.

లాంటానాని పైపైన నరికితే పిలకలేస్తుంది. నేల లోపల కొంచెం కిందికి వేరు మొదలు తెగ్గొట్టి, పొదని తలకిందులుగా పడేసి ఎండనివ్వాలి. తుమ్మకీ అంతే. ఆ తర్వాత కూడా పిట్టలు వాలే చెట్ల కింద లాంటానా మొలకలు వస్తూనే ఉంటాయి, కొన్నేళ్లు వానలప్పుడల్లా పీకాల్సిందే.

పచ్చతోరణం:
మరి ఏమీ నాటకుండా ఎలా బ్రో? జపాన్ శాస్త్రవేత్త అకిరా మియావాకీ పద్ధతిలో చదరపు మీటరుకి 3 నుంచి 5 మొక్కలు పెడితే తొందరగా చిట్టడవి అయిపోతుంది. తమ్ముడు చెప్పింది పూర్తిగా కొట్టేయకండి.

రేగుపొద:
అడవి ఉండాల్సిన చోట చిన్న ముక్కలో అయితే సరే. కానీ ఈయన అడుగుతున్నది కౌజులు, కుందేళ్లు. కౌజు నేల మీద గడ్డిలో గుడ్లు పెడుతుంది, ఆ గడ్డి నిండా చెట్లు పెడితే కాకులకీ డేగలకీ కూర్చుని చూడ్డానికి మంచె కట్టిచ్చినట్టే. గడ్డి నేల అంటే ఖాళీ నేల అనుకోవడమే అసలు గొడవ. చెట్లు కావాలంటే గట్ల వెంట, అదీ స్థానిక జాతులే. ఎందుకంటే చాలా గొంగళిపురుగులు తమకు అలవాటైన మొక్కల ఆకులే తింటాయి, పిట్టపిల్లలు పెరిగేది ఆ పురుగుల మీదే. అమెరికాలో చిక్కడీ అనే చిన్న పిట్ట ఒక్క విడత పిల్లల్ని పెంచడానికి 6,000 నుంచి 9,000 పురుగులు మోస్తుందని లెక్కగట్టారు.

నీటికప్ప:
నీళ్ల గురించి ఎవరూ అనలేదు. పల్లంలో చిన్న గుంట తవ్వించండి, ఒక వైపైనా మెల్లగా దిగే వాలుగా ఉండాలి, నిటారుగా తవ్వితే పడిన జీవి పైకి రాలేదు. చేపలు వదలొద్దు. దోమల కోసమని వదిలే గాంబూసియా కప్పగుడ్లనీ తోకకప్పల్నీ తినేస్తుంది. ఎండాకాలం ఎండిపోయినా టెన్షన్ పడకండి, ఎండే గుంటల్లో చేపలు నిలవవు కాబట్టి కప్పలకి అదే మేలు. కంచె ఉంటే జంతువులు కింద నుంచి దూరేలా కింది తీగ నేలకి అడుగు ఎత్తునైనా ఉండాలి.

బీడుభూమి:
థాంక్స్ అందరికీ. ఈ థ్రెడ్ తమ్ముడికి పంపాను, జేసీబీ మాట ఆగింది. ఇంకొకటి, గట్టు మీద ఎండిపోయిన పెద్ద చెట్టుంది, కట్టెలకి అడుగుతున్నారు. ఇచ్చేయనా?

రేగుపొద:
ఇవ్వకండి. వడ్రంగిపిట్ట తొలిచిన తొర్రలోకి తర్వాత చిలకలు, గుడ్లగూబలు చేరతాయి. దారి మీద పడుతుందని భయముంటే కొమ్మలు కొట్టించి అక్కడే నేల మీద వదిలేయండి, మాను మాత్రం నిలబెట్టే ఉంచండి.