మకావ్‌లు, పొడవు తోక చిలుకలు: ఎవరికి ఎవరు చుట్టాలు?

పచ్చరెక్క:
నమస్తే అండి. నా పక్షుల పట్టిక సర్దుకుంటున్నాను. సన్ కోనూర్ (అమెరికా ఖండాల పొడవు తోక చిలుకల్లో ఒకటి) అరాటింగా ప్రజాతిలోనే, అంటే దగ్గరి జాతుల గుంపులోనే ఉంది, సంతోషం. దాని పక్కనే రాసుకున్న మిట్రెడ్ కోనూర్ సిట్టకారాలోకి వెళ్లిందట. బ్లూ క్రౌన్డ్ కోనూర్ థెక్టోసెర్కస్ అయిందట. రామచిలుకను ఒక జాబితా సిట్టాక్యులా అంటుంది, ఇంకోటి అలెగ్జాండ్రినస్ అంటుంది. మకావ్‌లు, కోనూర్లు, రామచిలుకలు అసలు ఒకే కుటుంబమా? ఈ పేర్లు ఎందుకు మారుతున్నాయి? ఇంకోటి, అలెగ్జాండ్రిన్ చిలుక పిల్ల ఆడో మగో రంగు చూసి చెప్పొచ్చా?

తోకచుక్క:
పాత గాయం మళ్లీ రేపారు. 2013లో అరాటింగాను నాలుగు ముక్కలు చేసినప్పుడు నా లేబుళ్లన్నీ పీకి మళ్లీ అతికించాను. అక్కడితో ఆగారా? నందయ్ కోనూర్‌కి సొంత ప్రజాతి ఉండేది, దాన్ని రద్దు చేసి అరాటింగాలో కలిపారు. ఒక చేత్తో విడదీస్తారు, ఇంకో చేత్తో కలుపుతారు. వీళ్లకు వేరే పనే లేదా?

అడవిగాలి:
పని ఉంది కాబట్టే చేశారు. డీఎన్‌ఏ చూస్తే సన్ కోనూర్‌కి మిట్రెడ్ కన్నా నందయ్ దగ్గర. నల్ల తల చూసి నందయ్‌ని వేరే పెట్టారు, పచ్చగా ఉన్నవాటన్నిటినీ ఒకే గంపలో వేశారు. రంగు నమ్మితే అంతే.

కుటుంబం సంగతికి వస్తే, మకావ్‌లు, కోనూర్లు సిట్టాసిడే. అందులోనూ అరినీ అనే ఒకే తెగ. రామచిలుక సిట్టాక్యులిడే. తోక పొడుగ్గా ఉందని చుట్టరికం కలిపేయకండి. బడ్జీది కూడా పొడవు తోకే, కానీ దాని దగ్గరి బంధువులు తేనె తాగే లోరీలు. ఆఫ్రికా గ్రే చిలుకది పొట్టి తోక, అయినా అది మకావ్‌ల కుటుంబంలోనే ఉంది.

రంగులరాట్నం:
ఇంత చదువు అక్కర్లేదు బ్రదర్. ముఖం మీద ఈకల్లేని చర్మం ఉంటే మకావ్. లేకపోతే కోనూర్. అయిపోయింది.

అడవిగాలి:
మరి హయసింత్ మకావ్ ముఖం ఎప్పుడైనా చూశారా? కంటి చుట్టూ పసుపు వలయం, కింది ముక్కు పక్కన పసుపు చార. మిగతా ముఖమంతా నీలం ఈకలే. ముక్కు కొస నుంచి తోక కొస దాకా మీటరు పొడవుండే పక్షిని కోనూర్‌లో వేస్తారా?

రంగులరాట్నం:
ఆ చార కూడా చర్మమే కదా! నేను "ముఖమంతా" అన్నానా? పైన చదివి మాట్లాడండి.

వెదురుకొమ్మ:
ఇద్దరూ ఆగండి. రెడ్ షోల్డర్డ్ మకావ్‌ని ఏం చేస్తారు? ముఖం మీద తెల్లటి చర్మం ఉంది, పేరులో మకావ్ ఉంది, పొడవు మాత్రం 30 సెంటీమీటర్లు. జన్యువుల్లో దానికి దగ్గరిది ఇంకో మకావ్ కాదు, గోల్డెన్ కోనూర్. అంటే మకావ్‌లనే ఒకే కొమ్మ ఏదీ లేదు. మనం ఆరు ప్రజాతులకు కలిపి తగిలించుకున్న పేరది.

రంగులరాట్నం:
అయితే నా ఇంట్లో ఉన్న రెడ్ షోల్డర్డ్ మకావ్ కాదంటారా? దాని అరుపు వినిపిస్తాను, ఆ తర్వాత చెప్పండి.

వెదురుకొమ్మ:
అరుపుతో వర్గీకరణ చేస్తే ముందు మిమ్మల్నే మకావ్‌లలో వేయాలి.

కొమ్మలరాజు:
మీ గొడవలోకి వస్తున్నందుకు ఏమనుకోకండి. ఫొటో పంపండి, రెక్క ఒక్కటి చూసి ఏ మకావో చెప్పేస్తాను. స్కార్లెట్‌కి రెక్క మీద పసుపు పట్టీ, గ్రీన్ వింగ్డ్‌కి ఆకుపచ్చ పట్టీ. నా కళ్లను మోసం చేసిన పక్షి ఇంకా పుట్టలేదు.

నీలిగొంతు:
పుట్టింది సార్. దక్షిణ అమెరికా స్కార్లెట్‌కి ఆ పసుపు ఈకల కొసల్లో ఆకుపచ్చ ఉంటుంది. మధ్య అమెరికా రకానికి ఆ పచ్చదనం ఉండదు. అందుకే ముఖం చూడాలి. గ్రీన్ వింగ్డ్‌కి తెల్ల చర్మం మీద సన్నటి ఎర్ర ఈకల గీతలు స్పష్టంగా కనిపిస్తాయి, స్కార్లెట్ ముఖం దాదాపు నున్నగా ఉంటుంది.

నా బాధ వేరే. బ్లూ త్రోటెడ్ మకావ్ ఫొటో పెట్టిన ప్రతిసారీ "బ్లూ అండ్ గోల్డ్ సూపర్" అని కామెంట్లు. బ్లూ అండ్ గోల్డ్‌కి నుదురు ఆకుపచ్చ, గొంతు కింద నలుపు. బ్లూ త్రోటెడ్‌కి నుదురూ నీలమే, గొంతూ నీలమే. ఇది బొలీవియాలోని బేనీ ప్రాంతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా లేదు. అంత అరుదైన పక్షిని కాస్త పేరు పెట్టి పిలవండి.

కొమ్మలరాజు:
నేను మధ్య అమెరికా స్కార్లెట్ గురించే చెప్పాను. కాటలీనాను కూడా రెక్క చూసే పట్టేస్తాను.

నీలిగొంతు:
కాటలీనా అంటే బ్లూ అండ్ గోల్డ్, స్కార్లెట్‌ల సంకరం. ఒక్కో పిల్ల ఒక్కో రంగులో వస్తుంది. దానికి మీ రెక్క సూత్రం ఎలా పనిచేస్తుందో?

తోకచుక్క:
సంకరం మాట ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది. రంగుల కోసం జాతులు కలిపేసి, ఆ పిల్లల్ని మళ్లీ ఇంకోదానితో కలిపి, చివరికి ఏది ఏదో తెలియకుండా చేస్తున్నారు. అడవిలో స్పిక్స్ మకావ్ గతి చూడండి. 1990లో ఒక్క మగపక్షి మిగిలింది. తోడు దొరక్క ఇలిగర్ మకావ్ ఆడదానితో జత కట్టింది. 2000లో అదీ కనిపించకుండా పోయింది. అది దిక్కులేక చేసుకున్న జత. మనవాళ్లు సరదాకి చేయిస్తున్నారు.

వెదురుకొమ్మ:
అదే ఇలిగర్ మకావ్‌లు తర్వాత పనికొచ్చాయి. 2022లో బ్రెజిల్‌లోని బహియాలో స్పిక్స్‌లను మళ్లీ అడవిలోకి వదిలినప్పుడు వాటినీ కలిపి వదిలారు. పంజరంలో పెరిగినవి అడవిలో ఎలా బతకాలో వాటిని చూసి నేర్చుకుంటాయని. పనికిమాలిన చుట్టరికమేం కాదు.

గూడుకట్టు:
పచ్చరెక్క గారూ, పిల్లల్లో రంగు చూసి చెప్పలేరు. మెడ పట్టీ మగదానికే, అదీ బాగా ఎదిగాకే వస్తుంది. తొందరైతే ఈకతో డీఎన్‌ఏ పరీక్ష చేయించండి.

అడవిగాలి:
రామచిలుక పేరు మారింది 2019లో, ఒక డీఎన్‌ఏ పరిశోధన వల్ల. వంశవృక్షంలో పాత సిట్టాక్యులా చిలుకల మధ్యలోకి టానిగ్నాథస్ అనే పెద్ద ముక్కు, పొట్టి తోక చిలుకలు వచ్చి చేరాయి. వాటినీ సిట్టాక్యులా అనాలి, లేదా సిట్టాక్యులాను విడగొట్టాలి. ఆ పరిశోధకులు విడగొట్టమన్నారు. కొన్ని జాబితాలు ఒప్పుకున్నాయి, కొన్ని పాత పేరే ఉంచాయి. ఏదో ఒక జాబితా పట్టుకుని దాన్నే పాటించండి.

తోకచుక్క:
విడగొట్టి ఏం చేశారో కూడా చెప్పండి! రామచిలుక అలెగ్జాండ్రినస్‌లో ఉంది, అలెగ్జాండ్రిన్ చిలుక మాత్రం పాలియోర్నిస్‌లో ఉంది. ఈసారి లేబుళ్లు పెన్సిల్‌తో రాస్తున్నాను.

గూడుకట్టు:
ఆ అలెగ్జాండ్రినస్‌లోనే మారిషస్ ఎకో చిలుక కూడా ఉంది. 1980లలో అడవిలో పది దాకా మిగిలాయి. గూళ్లకు కాపలా కాసి, బలహీనమైన పిల్లల్ని చేత్తో పెంచి తిరిగి నిలబెట్టారు. పక్కనే రోడ్రిగ్స్ దీవిలోని న్యూటన్ చిలుకకు ఆ అదృష్టం లేదు. ఆఖరి నమూనా 1875ది.

రంగులరాట్నం:
దీవుల సంగతి తర్వాత. నాది మకావ్ కాదన్న సార్ ఇంకా జవాబివ్వలేదు.

నీలిగొంతు:
మకావేలెండి. రెడ్ షోల్డర్డ్‌లో హాన్స్ రకమా, నోబుల్ రకమా?

రంగులరాట్నం:
అమ్మినతను నోబుల్ అన్నాడు. పై ముక్కు నల్లగా ఉంటుంది.

నీలిగొంతు:
పై ముక్కు నలుపైతే హాన్స్. నోబుల్‌కి పై ముక్కు లేత రంగులో ఉంటుంది.